ఆడపిల్లకు ఓవరీలో గడ్డ ఉందన్నారా? స్కానింగ్ నుంచి కీహోల్ ఆపరేషన్ తర్వాత దాకా ఏం చేయాలి

పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల లోపు అమ్మాయికి స్కానింగ్‌లో "ఓవరీలో గడ్డ" అని రాగానే ఇంట్లో రెండు భయాలు మొదలవుతాయి. ఒకటి క్యాన్సరేమోనని. రెండోది రేపు పెళ్లయ్యాక పిల్లలు పుడతారో లేదోనని. ఈ వయసులో కనబడే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కాదు. చాలావాటికి అసలు ఆపరేషనే అక్కర్లేదు. అవసరమైన చోట కూడా గడ్డను మాత్రం ఒలిచి తీసి, అండాశయాన్ని ఉన్నచోటే ఉంచడం చాలా సందర్భాల్లో కుదురుతుంది. తల్లిదండ్రులుగా మీరు పట్టుబట్టాల్సింది దీని కోసమే. స్కాన్, రక్తపరీక్ష, ఆసుపత్రి ఎంపిక, సంతకం, అన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

ముందుగా: తెల్లారేదాకా ఆగకూడని నొప్పి

పొత్తికడుపులో ఒక పక్క ఉన్నట్టుండి నొప్పి లేచి, దాంతోపాటే వాంతులు మొదలైతే అండాశయం మెలి పడిందేమోనని అనుమానించాలి. డాక్టర్లు దీన్ని టార్షన్ అంటారు. అండాశయాన్ని ఒక పక్క గర్భాశయానికి, ఇంకో పక్క కటి గోడకు బంధనాలు పట్టి ఉంచుతాయి. రక్తనాళాలు కూడా వాటిగుండానే వస్తాయి. గడ్డ పెరిగి బరువెక్కితే అండాశయం ఆ బంధనాల మీద గిర్రున తిరిగిపోతుంది. మొదట రక్తాన్ని బయటికి తీసుకెళ్లే సిరలు నొక్కుకుపోయి అండాశయం ఉబ్బుతుంది. తర్వాత లోపలికి వచ్చే రక్తమూ ఆగిపోతుంది. ఎడమ పక్క పెద్దపేగు చివరి భాగం ఉండి కొంత అడ్డు పడుతుంది కాబట్టి మెలి కుడి పక్కే ఎక్కువ. అందుకే చాలాసార్లు అపెండిక్స్ అని పొరబడతారు. ఈ వయసులో గడ్డేమీ లేని మామూలు అండాశయం కూడా మెలి పడవచ్చు.

మెలి కాస్త వదులైతే నొప్పి తగ్గుతుంది. కొంతసేపటికి మళ్లీ వస్తుంది. ఇళ్లలో మోసపోయేది ఇక్కడే. నెలసరి నొప్పి అనుకుంటారు, గ్యాస్ అని వాము నీళ్లు తాగిస్తారు, దిష్టి తీస్తారు, దగ్గర్లోని ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి ఇంజక్షన్ వేయిస్తారు. నొప్పి అణిగిందని పడుకోబెడతారు, లోపల అండాశయం మాత్రం చెడిపోతూనే ఉంటుంది.

ఇలాంటి నొప్పి వస్తే నోటికి ఏమీ ఇవ్వకండి, నీళ్లు కూడా వద్దు. 108కి ఫోన్ చేయండి, లేదా చేతిలో ఉన్న బండిలో బయల్దేరండి. చివరిసారి ఎన్ని గంటలకు తిన్నది, చివరి నెలసరి ఏ తేదీన వచ్చింది, ఈ రెండూ చీటీ మీద రాసుకోండి. మత్తు డాక్టరు మొదట అడిగేవి ఇవే. పాత స్కాన్ రిపోర్టుంటే వెంట తీసుకెళ్లండి. క్యాజువాలిటీలో "కడుపునొప్పి" అని ఊరుకోకుండా "ఓవరీ మెలి పడిందేమోనని అనుమానంగా ఉంది, స్కాన్ చేయండి" అని అడగండి. స్కాన్‌కు మూత్రాశయం నిండాలంటారు. అప్పుడు కూడా నీళ్లు తాగించొద్దు, సెలైన్ ఎక్కించో గొట్టం వేసో వాళ్లే నింపగలరు.

ఇంకో మాట. రక్తం పారుతోందో లేదో చూసే డాప్లర్ స్కాన్‌లో రక్త ప్రవాహం కనబడినంత మాత్రాన టార్షన్ లేదని చెప్పలేం. సగం మెలిలో రక్తం కొంత పారుతూనే ఉంటుంది. ఒక పక్క అండాశయం ఉబ్బి ఉండి, నొప్పీ వాంతులూ తగ్గకపోతే ఆపరేషన్ చేసి లోపల చూడటమే సరైన పని.

మెలి విప్పాక అండాశయం నీలంగానో నల్లగానో ఉండవచ్చు. నల్లబడింది కాబట్టి చచ్చిపోయిందని పాతకాలంలో తీసేసేవారు. నల్లగా కనబడినవి కూడా చాలావరకు కోలుకుంటాయని ఇప్పుడు తెలుసు. మెలి విప్పి అక్కడే వదిలేయడమే సరైన పద్ధతని అమెరికా ప్రసూతి, స్త్రీవైద్య నిపుణుల సంఘం 2019లో అమ్మాయిల టార్షన్ మీద ఇచ్చిన సూచనల్లోనూ ఉంది. కాబట్టి ఓటీలోకి తీసుకెళ్లేముందే "రంగు చూసి తీసేయకండి డాక్టర్ గారూ, మెలి విప్పి ఉంచండి" అని చెప్పండి. అండాశయం బాగా ఉబ్బి ఉంటే ఆ రోజు మెలి మాత్రం విప్పి, 6 నుంచి 8 వారాల తర్వాత గడ్డ తీయడం కూడా మంచి నిర్ణయమే. రెండోసారి మత్తు ఇవ్వాల్సి వస్తుందని బాధపడకండి.

రాత్రిపూట మీరు వెళ్లిన చోట కీహోల్ (చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చేసే ఆపరేషన్) సదుపాయం లేకపోతే? రేపు పొద్దున్నే చేసే కీహోల్ కంటే ఈ రాత్రే కోసి చేసే ఆపరేషన్ మేలు. మచ్చ కోసం అండాశయాన్ని పోగొట్టుకోకూడదు.

నొప్పి అంతగా లేదు, స్కాన్‌లో కనబడింది: ఇప్పుడేం చేయాలి

పెళ్లికాని అమ్మాయిలకు స్కాన్ పొట్ట మీద నుంచే చేస్తారు. గంట ముందు నాలుగైదు గ్లాసుల నీళ్లు తాగి, మూత్రానికి వెళ్లకుండా ఆపుకోవాలి. మూత్రాశయం నిండితే పేగులు పక్కకు జరిగి అండాశయాలు తేటగా కనబడతాయి. సగం నిండిన మూత్రాశయంతో తీసిన స్కాన్‌లో "స్పష్టంగా కనబడలేదు" అని రాసిస్తారు, మళ్లీ డబ్బు కట్టి చేయించుకోవాలి.

రిపోర్టులో కొలతలు చాలాసార్లు మిల్లీమీటర్లలో ఉంటాయి. 48 × 42 × 40 అని చూసి గుండె జారిపోకండి. అది 4.8 సెంటీమీటర్లు, పెద్ద నిమ్మకాయంత. మామూలు అండాశయమే 3 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. కొలత తర్వాత చూడాల్సింది గడ్డ లోపల ఏముందన్నది. "సింపుల్ సిస్ట్" అంటే పల్చని గోడ, లోపల నీరు. "హెమరేజిక్ సిస్ట్" అంటే అండం విడుదలయ్యే చోట రక్తం చేరిన బుడగ. ఈ రెండూ నెలసరి హార్మోన్ల వల్ల వచ్చేవే, ఎక్కువగా వాటంతటవే కరిగిపోతాయి. "డెర్మాయిడ్" అంటే లోపల కొవ్వు, వెంట్రుకలు ఉండే గడ్డ. అది కరగదు, అయితే దాదాపు అన్నీ క్యాన్సర్ కానివే. "సాలిడ్ కాంపొనెంట్" అంటే లోపల గట్టి భాగం ఉందని. "అసైటిస్" అంటే పొట్టలో నీరు చేరిందని. ఈ రెండు మాటలు కనబడితే ఆలస్యం చేయకండి.

పీసీఓడీ (పీసీఓఎస్ అన్నా అదే) అనే మాట కూడా ఇక్కడే చెప్పాలి. రెండు అండాశయాల్లోనూ చిన్న చిన్న బుడగలు కనబడటం ఈ వయసులో మామూలే. అవి గడ్డలు కావు, వాటికి ఆపరేషన్ లేదు. సమర్త అయిన 8 ఏళ్ల లోపు కేవలం స్కాన్ చూసి పీసీఓఎస్ అని తేల్చకూడదని 2018లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

సింపుల్ సిస్ట్‌గానీ హెమరేజిక్ సిస్ట్‌గానీ అయి, 5 సెంటీమీటర్ల లోపుండి, నొప్పి లేకపోతే 6 నుంచి 8 వారాలు ఆగి, నెలసరి అయిపోయిన వెంటనే మళ్లీ స్కాన్ చేయించండి. అదే సెంటర్లో చేయిస్తే పోల్చి చూడటం సులువు. ఈలోగా ఇచ్చే హార్మోన్ మాత్రలు కొత్త బుడగలు రాకుండా ఆపగలవు. ఉన్నదాన్ని త్వరగా కరిగించవు. ఆ వారాల్లో కబడ్డీ, స్కిప్పింగ్ మాన్పించి, పైన చెప్పిన టార్షన్ లక్షణాలు అమ్మాయికి కూడా అర్థమయ్యేలా చెప్పండి. హాస్టల్లో ఉంటే వార్డెనుకు చెప్పడం మరవద్దు.

అండాశయానిది కానిది కూడా అలా కనబడవచ్చు. ఫెలోపియన్ ట్యూబు పక్కన నీటిబుడగ రావచ్చు. పొత్తికడుపు టీబీ వల్ల ట్యూబు, అండాశయం అతుక్కుని గడ్డ కట్టవచ్చు. సన్నబడటం, సాయంత్రం జ్వరం, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉండటం, ఇవి ఉంటే తప్పకుండా చెప్పండి, దానికి ముందు మందులు. ఇంకొకటి: వయసుకు తగ్గ ఎదుగుదల ఉన్నా సమర్త కాలేదు, నెలనెలా కడుపునొప్పి మాత్రం వస్తోంది, పొత్తికడుపులో గడ్డలా తగులుతోంది అంటే, పుట్టుకతో యోని దారి మూసుకుని ఉండి నెలసరి రక్తం లోపలే నిలిచిపోయి ఉండవచ్చు. ఎక్కువమందిలో దానికి కీహోల్ కాదు, కింద చిన్న గాటు చాలు.

కత్తి పట్టకముందే జరగాల్సిన రక్తపరీక్షలు

లోపల గట్టి భాగం ఉన్నా, 8 సెంటీమీటర్లు దాటినా, ఎ.ఎఫ్.పి., బీటా హెచ్.సి.జి., ఎల్.డి.హెచ్. అనే మూడు పరీక్షలు ఆపరేషన్‌కు ముందే చేయించాలి. ఈ వయసులో వచ్చే క్యాన్సర్ గడ్డలు ఎక్కువగా అండకణాల నుంచి పుట్టేవి, అవి తరచూ ఈ మూడిట్లో ఏదో ఒకదాన్ని పెంచుతాయి. గడ్డ తీశాక చేయిస్తే విలువలు పడిపోయి మొదట ఎంత ఉండేదో తెలియకుండా పోతుంది. తర్వాత సంవత్సరాల తరబడి పోల్చి చూసుకోవాల్సింది ఆ మొదటి అంకెతోనే. సి.ఎ. 125 ఒక్కటే పెరిగితే బెంబేలు పడొద్దు, నెలసరిలో, ఎండోమెట్రియోసిస్‌లో (గర్భాశయం లోపలి పొరలాంటిది బయట పెరిగే జబ్బు) కూడా అది పెరుగుతుంది. చిన్న వయసులోనే సమర్త కావడం, మొహం మీద గబగబా వెంట్రుకలు రావడం, గొంతు మారడం ఉంటే హార్మోన్ పరీక్షలూ అవసరం.

మూత్రంలో గర్భ పరీక్ష అందరికీ చేస్తారు. మా అమ్మాయిని అనుమానిస్తారా అని కోపం తెచ్చుకోకండి. అది పద్ధతి.

పైన చెప్పిన రక్తపరీక్షల అంకెలు (మార్కర్లు) పెరిగి, గట్టి గడ్డ పెద్దగా ఉంటే కీహోల్ కోసం పట్టుబట్టొద్దు. క్యాన్సర్ గడ్డ లోపల పగిలితే అండాశయానికే పరిమితమైన మొదటి దశ కాస్తా ఒక మెట్టు పైకెక్కుతుంది, అక్కర్లేని కీమో పడవచ్చు. అలాంటిదాన్ని పొట్ట తెరిచి, పగలకుండా, ఆ ఒక్క పక్క అండాశయంతో సహా తీయాలి. రెండో అండాశయాన్నీ గర్భాశయాన్నీ ఉంచుతారు. అండకణ క్యాన్సర్లు కీమోకు బాగా లొంగుతాయి, తర్వాత పిల్లలు పుట్టే అవకాశమూ ఉంటుంది. ఈ పరిస్థితిలో క్యాన్సర్ సర్జన్ చేయాల్సిన పని అది. మన తిరుపతి, చిత్తూరు వైపు వాళ్లకు తిరుపతిలోని స్విమ్స్ ఆసుపత్రిలో ఆంకాలజీ (క్యాన్సర్) విభాగం ఉంది, స్వీకార్ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

ఎక్కడికి వెళ్లాలి, ఏం అడగాలి

తిరుపతిలో రుయా, ప్రభుత్వ మెటర్నిటీ ఆసుపత్రి, స్విమ్స్ ఉన్నాయి. కుప్పం వైపు వాళ్లకు అక్కడే మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. చిత్తూరు నుంచి తిరుపతి కంటే వేలూరే దగ్గర. అయితే రాష్ట్రం దాటితే ఎన్టీఆర్ వైద్యసేవ (ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉచిత వైద్య పథకం) వర్తిస్తుందో లేదో ముందే కనుక్కోండి. రేషన్ కార్డు, అమ్మాయి ఆధార్, రిపోర్టులు పట్టుకుని ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే వైద్యమిత్రను కలిస్తే ఏ ఆపరేషన్ ప్యాకేజీలో వస్తుందో చెబుతారు. 104కి ఫోన్ చేసి కూడా అడగవచ్చు. ఆపరేషన్ అయ్యాక వెళితే పని జరగదు, అనుమతి ముందే రావాలి.

సర్జన్‌ను నాలుగు మాటలు నేరుగా అడగండి. గడ్డ ఒక్కటే తీస్తారా, అండాశయం మొత్తమా? ఈ వయసు పిల్లలకు కీహోల్ తరచూ చేస్తుంటారా? గడ్డను సంచిలో వేసి తీస్తారా? లోపల అనుకోనిది కనబడితే ఆపి మాతో మాట్లాడతారా? ఈ నాలుగిటికీ విసుక్కోకుండా జవాబు చెప్పే డాక్టరు దొరికితే మీ పని సగం అయినట్టే.

కాగితం మీద సంతకం పెట్టేముందు ఆపరేషన్ పేరు చదివించుకోండి. "సిస్టెక్టమీ" అంటే గడ్డ మాత్రమే. "ఊఫరెక్టమీ" అంటే అండాశయం మొత్తం. ఈ రెండు మాటల తేడా మీ బిడ్డ జీవితానికి సంబంధించింది. కుడా ఎడమా అన్నది కూడా రాసి ఉండాలి. 18 ఏళ్లు నిండలేదు కాబట్టి సంతకం మీదే, కానీ ఏం చేయబోతున్నారో అమ్మాయికి డాక్టరు చేతే చెప్పించండి.

ముందు రోజు, ఆ రోజు

రక్తం తక్కువగా ఉంటే, తొందర లేని ఆపరేషన్ అయితే, కొన్ని వారాలు ఐరన్ మాత్రలు వాడి హిమోగ్లోబిన్ పెంచుకుని వెళ్లడం మంచిది. పదో తరగతి పరీక్షలయ్యాక చేయిద్దామా అని చాలామంది అడుగుతారు. నొప్పి లేని డెర్మాయిడ్ అయితే డాక్టరు ఒప్పుకుంటే కొన్ని వారాలు ఆగవచ్చు. నొప్పి వచ్చిపోతూ ఉంటే పరీక్షలు, జాతర, ముహూర్తం ఏవీ చూడకూడదు. నెలసరి వచ్చినా ఆపరేషన్ ఆపాల్సిన పని లేదు.

ఘనాహారం ఆపరేషన్‌కు 6 గంటల ముందు, నూనె వంటలైతే 8 గంటల ముందు ఆపాలి. పాలు, మజ్జిగ, కాఫీ కూడా ఆహారం కిందే లెక్క. ఉట్టి నీళ్లు 2 గంటల ముందు దాకా తాగవచ్చు, మత్తు డాక్టరును అడిగి ఇవ్వండి. రాత్రి నుంచి చుక్క నీరు లేకుండా ఎండబెడితే పిల్ల నీరసపడి, మత్తు వదిలాక వాంతులు ఎక్కువవుతాయి.

ముందు రాత్రి బొడ్డులో మురికిని కొబ్బరినూనెతో మెత్తబరిచి, సబ్బుతో శుభ్రం చేయండి. మొదటి గాటు పడేది అక్కడే. ఇంట్లో రేజరుతో వెంట్రుకలు గీయొద్దు, గీరుకుపోయిన చోటే చీము పడుతుంది. గోళ్ల రంగు తీసేయండి, వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు సరిగ్గా చూపించదు. ముక్కుపుడక, కమ్మలు, పట్టీలు, మొలతాడు తీసి ఇంట్లోనే పెట్టి వెళ్లండి. జుట్టు రెండు జడలు వేయండి, ఒక్క జడైతే తల కింద ముడి పడి పడుకోవడం ఇబ్బంది.

ఓటీ లోపల ఏం జరుగుతుంది

పూర్తి మత్తు ఇచ్చి గొంతులో శ్వాస గొట్టం పెడతారు. మత్తులోకి వెళ్లాక మూత్రానికి సన్నని గొట్టం వేస్తారు. బొడ్డు దగ్గర 5 లేదా 10 మిల్లీమీటర్ల రంధ్రం చేసి కార్బన్ డయాక్సైడ్ నింపుతారు. పిల్లల్లో ఒత్తిడి 12 పాదరస మిల్లీమీటర్ల దగ్గర ఉంచితే సరిపోతుంది. సన్నగా ఉండే అమ్మాయిల్లో పొట్ట గోడకూ వెన్ను ముందుండే పెద్ద రక్తనాళానికీ మధ్య ఎడం చాలా తక్కువ. మొత్తం ఆపరేషన్‌లో ప్రమాదకరమైన క్షణం ఆ మొదటి రంధ్రమే. అందుకే కొందరు సర్జన్లు సూదితో గుడ్డిగా దిగకుండా చిన్న గాటు పెట్టి కంటితో చూస్తూ దిగుతారు. పొత్తికడుపులో అటూ ఇటూ 5 మిల్లీమీటర్ల రంధ్రాలు ఇంకో రెండు. తల వైపు బల్ల కిందికి వంచితే పేగులు పైకి జరుగుతాయి.

చాలామంది తల్లులు అడగలేక మనసులో పెట్టుకునే ప్రశ్న ఒకటుంది. పెద్దవాళ్లకు చేసినట్టు గర్భాశయాన్ని కదిలించడానికి యోని ద్వారా పరికరం పెట్టడం పెళ్లికాని అమ్మాయిల్లో మానేస్తారు. అంతా పొట్ట మీద నుంచే. కన్నెపొరకు ఏమీ కాదు.

కెమెరా దిగగానే గడ్డ మీదికి పోకూడదు. ముందు రెండు అండాశయాలు, ట్యూబులు, గర్భాశయం, కాలేయం పైభాగం, పొట్ట గోడ అన్నీ చూసి, అనుమానం ఉంటే లోపలి నీటిని పరీక్షకు తీసి పెట్టాలి. తర్వాత అండాశయం పైపొరను గడ్డ మీద సన్నగా కోసి, గడ్డ గోడకూ అండాశయానికీ మధ్య ఉన్న సందు పట్టుకుని మెల్లగా ఒలుస్తారు. సందు దొరకకపోతే అక్కడ సెలైన్ ఎక్కించి విడదీస్తారు. తొందరపడేవాళ్లు ఇక్కడే గడ్డను పగలగొడతారు. రక్తం కారే చోటల్లా కరెంటుతో కాల్చడం ఇంకో పొరపాటు, ఆ వేడికి పక్కనున్న అండాలు మాడిపోతాయి. అవసరమైన చోట క్షణం కాల్చి, మిగతాది కుట్టుతోనో ఒత్తిపట్టో ఆపడం మేలు.

డెర్మాయిడ్ లోపల కొవ్వు, వెంట్రుకలు, ఒక్కోసారి పళ్లు ఉంటాయి. అండకణం తనంతట తానే చర్మంలా, దంతంలా పెరగడం వల్ల వచ్చేది అది. చేతబడీ కాదు, ఎవరి పాపమూ కాదు. దాని కొవ్వు కడుపులో ఒలికితే లోపల వాపు వస్తుంది కాబట్టి సంచిలో వేసి తీయాలి, ఒలికితే గోరువెచ్చని సెలైన్‌తో నీరు తేటగా వచ్చేదాకా లీటర్ల కొద్దీ కడగాలి. పదిమందిలో ఒకరికి పైగా డెర్మాయిడ్ రెండు పక్కలా ఉంటుంది. అందుకే రెండో అండాశయాన్ని చూడాలి, అయితే బాగున్నదాన్ని కోసి చూడకూడదు.

మొత్తం గంట నుంచి రెండు గంటలు పడుతుంది. తీసిన గడ్డను ఫార్మలిన్‌లో వేసి ప్యాథాలజీకి పంపారా అని బయటికొచ్చాక అడగండి. చూడటానికి నీటిబుడగలా ఉన్నా పంపాల్సిందే.

ఇంటికొచ్చాక

సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో పంపేస్తారు. భుజం పైన నొప్పి వస్తే కంగారు పడొద్దు, మిగిలిన గ్యాస్ ఛాతీ కింది పొరను రేపడం వల్ల వచ్చేది అది, రెండు మూడు రోజుల్లో పోతుంది. సాయంత్రానికే లేపి నడిపిస్తే త్వరగా తగ్గుతుంది. పారాసెటమాల్ కిలో బరువుకు 15 మిల్లీగ్రాముల చొప్పున, 40 కిలోల అమ్మాయికి 500 మాత్ర, ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగుకు మించకుండా. అప్పుడు పథ్యం పేరుతో పాలు, పప్పు, గుడ్డు మాన్పించకండి, పుండు మానడానికి కావాల్సినవే అవి. మొదటి రోజు ఇడ్లీ, మెత్తటి అన్నం, మర్నాటి నుంచి సంగటైనా సరే.

గాయాల మీద పసుపు, బూడిద వద్దు. రెండు రోజుల తర్వాత స్నానం చేసి పొడిగుడ్డతో అద్దితే చాలు. బడికి వారం పది రోజుల్లో వెళ్లవచ్చు. నీళ్ల బిందె, బరువు సంచి, పీటీ, సైకిల్ మాత్రం నాలుగు వారాలు వద్దు. తర్వాతి నెలసరి కొద్దిగా ముందో వెనకో రావచ్చు.

జ్వరం 100.4 ఫారన్‌హీట్ దాటినా, నొప్పి రోజురోజుకూ తగ్గాల్సింది పోయి పెరిగినా, పొట్ట ఉబ్బి వాంతులైనా, మూత్రం రాకపోయినా, గాయం ఎర్రబడి చీము కారినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. పేగుకో మూత్రనాళానికో తగిలిన దెబ్బ రెండు మూడు రోజుల తర్వాతే బయటపడవచ్చు, అందుకని డిశ్చార్జి అయ్యామని ధీమా వద్దు.

ప్యాథాలజీ రిపోర్టు వారం పది రోజుల్లో వస్తుంది, మీరే వెళ్లి తెచ్చుకోండి. "మెచ్యూర్ సిస్టిక్ టెరటోమా" అని ఉంటే అది డెర్మాయిడే, భయం లేదు. "ఇమ్మెచ్యూర్" అని ఉంటే మాత్రం వారం కూడా ఆగకుండా క్యాన్సర్ డాక్టరుకు చూపించాలి. ఎండోమెట్రియోసిస్ అని వస్తే మళ్లీ రాకుండా హార్మోన్ మందులు చాలాకాలం వాడాలి.

ఒక అండాశయం తీయక తప్పని పరిస్థితి వచ్చినా, బాగున్న రెండోదానితోనే నెలసరి వస్తుంది, గర్భం కూడా నిలుస్తుంది. ఇది అమ్మాయికీ తెలియాలి, రేపు సంబంధాలు మాట్లాడేవాళ్లకూ తెలియాలి. మూడు నెలలకు ఒక స్కాన్, డెర్మాయిడ్ అయితే ఆ తర్వాత డాక్టరు చెప్పిన వ్యవధిలో ఇంకొన్ని. ఆపరేషన్ నోట్సు, ఫోటోలు లేదా సీడీ, ప్యాథాలజీ రిపోర్టు, మార్కర్ల అంకెలు ఒకే ఫైల్లో పెట్టి, జిరాక్సు కాపీ ఒకటి వేరుగా దాచండి. మొదటి పేజీ మీద ఏ పక్క, ఏం తీశారు, ఏం ఉంచారు, ఏ తేదీ అన్నది తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి.